పడవ మీద పేరు

రొట్టె ముక్కల అంచులు కోస్తుంటే మావిస్‌కి తన చేతుల వాసన తనకే తగిలింది. ఎర చేప వాసన. తెల్లవారకముందే రేవుకు వెళ్లి, మొగుడు లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బుట్టల కోసం ఉప్పు చేపలు కోసి సంచులు నింపి వచ్చింది. నిమ్మకాయ రుద్దినా ఆ వాసన పోదు. పెళ్లయిన నాటి నుంచీ పోలేదు.

ఊళ్లో ఏ సభ జరిగినా ఫైరింజన్ ఉండే ఫైర్ హాల్లోనే. మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు రొట్టెలు, టీ చూస్తూ ఆ హాలు వంటగది కిటికీ వెనక. ఈసారి వచ్చింది రాజధాని హాలిఫాక్స్ నుంచి చట్టాల సంఘం. పాత చట్టాలు తిరగేసి, ఏది మార్చాలో జనాన్నే అడుగుతుందట. "మనల్ని అడగడమేమిటే, వాళ్లకేం పనీపాటా లేదా?" అని పొద్దున మొగుడు డెల్బర్ట్ నవ్వాడు. మావిస్ కూడా నవ్వింది. ఆమె దృష్టిలో చట్టమంటే రేవు ముందున్న బండరాయి. పడవలే తప్పుకుపోవాలి. దాన్ని మనుషులే తెచ్చి పెట్టారని ఏనాడూ తోచలేదు.

సంఘం తరఫున కామో అనే తెల్లజుట్టు ఆవిడ లేచింది. "ఆలుమగలు విడిపోతే ఇల్లు చెరిసగం. పడవ, చేపల వేట లైసెన్సు మాత్రం వ్యాపారం కింద లెక్క. అందులో తన కష్టం ఉందని భార్య కోర్టులో రుజువు చేసుకోవాలి. ఇది రాసింది మాలాంటి మనుషులే. తప్పు రాసి ఉండొచ్చు. మీరేమంటారు?"

మావిస్ చేతిలో కెటిల్ ఆగిపోయింది. తప్పు రాసి ఉండొచ్చట! అంత పెద్ద చట్టం వచ్చి ఈ ఊరి చెక్క కుర్చీలో కూర్చుని, సరిగ్గా ఉన్నానా అని అడుగుతోంది.

డెల్బర్ట్ లేచాడు. "నా పడవ పేరే మావిస్ జీన్. మా ఆవిడ పేరే పెట్టుకున్నా. ఇంతకంటే ఏం కావాలండీ?"

హాలంతా చప్పట్లు. ఆ మాట మావిస్‌కి కొత్త కాదు. లైసెన్సు కాగితంలో నన్నూ చేర్చమని ఒకసారి అడిగితే, "నీ పేరు పడవ మీద ఉందిగా, కాగితం మీదెందుకే?" అన్నాడు. "పడవ మగాడిది, తడిబట్టలు ఆడదానివి" అని అత్తగారు వంత పాడింది. నిజమే కాబోలు అనుకుని ఊరుకుంది మావిస్. ఎర కోసింది, వలతాళ్లు అల్లింది, చేపల కొట్టువాడితో ధర కోసం పోట్లాడింది. అన్నిటికీ ఒకటే పేరు, ఇంటిపని.

కామో చూపు కుర్చీలు దాటి కిటికీ దాకా వచ్చింది. "వంటగదిలో వాళ్లేమంటారు?"

డెల్బర్ట్ తల తిప్పి చూశాడు. ఆ చూపు ఇంటిదాకా వస్తుందని మావిస్‌కి తెలుసు. అయినా కెటిల్ దించి, వాసన చేతులతోనే బయటికి వచ్చింది.

"పడవ మీద నా పేరున్న మాట నిజమేనండీ. ఉప్పునీళ్లకి ఏటా చెరిగిపోతుంది. ఏటా మళ్లీ రంగేసి దిద్దేది నేనే. చెరగని చోట ఒక్కసారి మీరు రాయండి."

"మళ్లీ చెప్పమ్మా, నీ మాటల్లోనే రాసుకుంటాను" అంది కామో, కలం తీస్తూ.

మావిస్ మాట మళ్లీ వినాలని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. మావిస్ కళ్లు నిండాయి. రెండోసారి ఇంకాస్త గట్టిగా చెప్పింది, డెల్బర్ట్‌కు కూడా వినబడేలా.