రెండో చొక్కా

జకరయ్య అయ్యగారు రోజూ పొద్దున దవాఖానకు బయలుదేరేటప్పుడు సంచిలో బైబిలు, టిఫిన్ డబ్బా, ఇంకో చొక్కా పెట్టుకునేవాడు. ఆ రెండో చొక్కా ఎందుకో మేడ్చల్ మొత్తానికి తెలుసు. మిషన్ దవాఖానలో ప్రార్థన చేస్తూ తిరిగే ఆయనకు ఏదో ఒక మంచం దగ్గర కుడి చొక్కాచెయ్యి తడిసిందంటే, ఆ మంచం మీది మనిషి ఇంక దక్కడని లెక్క. మణికట్టు దగ్గర మొదలై మోచెయ్యి దాకా తడిసేది. మామూలు నీళ్లు కూడా కావు, శామీర్‌పేట చెరువు నీళ్లు. ఒండ్రు వాసన వచ్చేది, ఒక్కోసారి గుండీకి నాచు చుట్టుకుని ఉండేది. సాయంత్రం ఆయన రెండో చొక్కాతో ఇంటికొస్తే భార్య సత్యమ్మ "ఎవరు?" అని అడిగి, తడిసినదాన్ని విడిగా ఉతికేది.

దీనికి ఎవరూ నోరెళ్లబెట్టింది లేదు. నేల తుడిచే భిక్షం మాత్రం గొణుక్కునేవాడు, కారిన నీళ్లు ఎత్తేది తనే కాబట్టి. అంత చదువు చదివిన డాక్టర్ వెంకటేశ్వరరావు కూడా ముందు ఆ చేతివైపు చూసి, ఆ తర్వాతే కాగితం మీద పెన్ను పెట్టేవాడు. చొక్కా తడిస్తే చాలు, బంధువులు గేటు బయటికి ఉరికేవారు. అక్కడ గాలయ్య ఆటో ఎప్పుడూ తయారుగా ఉండేది. మనిషి బయట పోతే శవాన్ని ఇంట్లోకి రానియ్యరు కదా, ఊపిరుండగానే గడప దాటించాలి. ఏడేండ్లలో నలభై ముగ్గురు అట్లా ఆటో ఎక్కారు. ఒక్కరి విషయంలోనూ చొక్కా తప్పలేదని అందరూ అనేవారు.

జకరయ్య కూడా అదే అనుకున్నాడు, అట్లా ఆటో ఎక్కినవాళ్లలో ఒకడైన ఎల్లయ్య కొడుకు దుండిగల్ బస్సులో కలిసేదాకా. ఇంటికి తెచ్చినంక మా నాయిన అయిదు దినాలు ఉన్నడని, నాలుగోనాడు తాగనీకి జొన్న గటక అడిగిండని ఆ కొడుకు మామూలుగా చెప్పుకొచ్చాడు. చొక్కా తడిసి అయిదు దినాలు! ఆ మాట జకరయ్య ఎవరికీ చెప్పుకోలేదు.

తొంభై ఎనిమిది వానకాలంలో, ఒక మంగళవారం పొద్దున పదింటికి, గౌడవెల్లి నుంచి ఎల్లేష్‌ను తెచ్చారు. ఇరవై నాలుగేండ్ల పిల్లగాడు. ద్రాక్షతోటలో పందిరి కింద గడ్డి కోస్తుంటే నాగుపాము చీలమండ మీద కాటేసింది. వెంట తల్లి బాలనర్సమ్మ, పెద్దనాయిన సిద్దయ్య వచ్చారు. బాలనర్సమ్మకు వాడొక్కడే. పదేండ్ల కింద మొగుడు రోడ్డు మీద లారీ తగిలి పోతే, పోస్టుమార్టంలో కోసి మూట కట్టి ఇచ్చారు. ఊరి బయటనే ఉంచి, అక్కడినుంచే కాటికి మోసుకుపోయారు. ఆఖరుసారి మొఖం కడగడానికి కూడా ఆమెకు దొరకలేదు.

డాక్టరు విషానికి విరుగుడు సూదులు ఎక్కించాడు. పదకొండింటికి ఎల్లేష్ రెప్పలు వాలిపోయాయి. తర్వాత మాట పడిపోయింది, చేతులు పడిపోయాయి, ఊపిరి తగ్గింది. డాక్టరు గొంతులోకి గొట్టం వేసి, దానికి రబ్బరు సంచి తగిలించి, నర్సుతో ఒత్తిస్తున్నాడు. ఒత్తితే రొమ్ము లేస్తుంది, ఆపితే అట్లనే పడి ఉంటుంది. ఊపిరి పోసే మిషను ఆ దవాఖానలో లేదు. మందు పనిచేసేదాకా చేత్తో ఒత్తాల్సిందే.

జకరయ్య వచ్చి మంచం పక్కన నిలబడి ఎల్లేష్ చెయ్యి పట్టుకున్నాడు. ప్రార్థన మొదలుపెట్టకముందే మణికట్టు సల్లగా తగిలింది. అయ్యో దేవా, ఇది వద్దు అనుకున్నాడు. నీళ్లు మోచెయ్యి దాకా ఎగబాకి, టప టపా నేల మీద పడ్డాయి.

నర్సు చెయ్యి నెమ్మదించింది. డాక్టరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. సిద్దయ్య బయటికి పోయి ఆటోను మెట్ల దాకా తెప్పించాడు. తిరిగొచ్చి, మన ఊరు ఇరవై నిమిషాలే, అందాక ఆ సంచి ఒత్తుకుంటూ పోదాం, ఈడ పోతే మళ్లీ కోస్తరు, మళ్లీ ఊరి బయటే అని మరదలికి చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. బాలనర్సమ్మ కొడుకు కాళ్ల మీద చేతులు పెట్టుకుని, వాడి మొఖమూ అయ్యగారి చెయ్యీ మార్చి మార్చి చూస్తోంది.

అప్పుడే భిక్షం బకెట్టు తెచ్చి కింద కూర్చున్నాడు. నీళ్లు తుడుస్తూ తుడుస్తూ ఆగాడు.

"అయ్యగారూ, ఒక్క మాట. ఆ దినం చెర్ల మీ చెయ్యి తడిసింది నన్ను బయటికి గుంజెతందుకే గద. నేను సావలే గద."

జకరయ్య ఆయన వైపు తిరిగాడు. తొంభై ఒకటిలో శామీర్‌పేట చెరువులో జకరయ్య ఇచ్చిన మొదటి బాప్తిస్మం అది. నిలువునా ముంచి లేపాలి, బాప్తిస్టుల పద్ధతి అంతే. వరుసలో మూడోవాడు భిక్షం. కాలు ఒండ్రులో దిగబడి చేతిలోంచి జారిపోయాడు. జకరయ్య మోచెయ్యి దాకా నీళ్లలో పెట్టి తడుముకుని, మణికట్టు దొరికితే పట్టుకుని లాగాడు. చొక్కా తడవడం ఆనాటినుంచే. ఏడేండ్లుగా ఆ తడిని చూసి చెయ్యి వదిలేస్తున్నాడు, చొక్కా మార్చుకుంటున్నాడు. పట్టుకొమ్మని చెప్పే తడి అది. జకరయ్య ఎల్లేష్ మణికట్టు గట్టిగా పట్టుకుని బాలనర్సమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నీ కొడుకు మునిగిండు గని పోలే. నేను చెయ్యి ఇడువ. మీరు సంచి ఆపకుండ్రి."

సిద్దయ్యకు కోపం నషాళానికి అంటింది. ఇన్నేండ్లు ఒక తీరు చెప్పి ఇయ్యాల ఇంకో తీరు చెబుతావా, ఈడనే పోతే వీణ్ణి కోస్తే ఎవడు జవాబు చెప్పాలని గల్లా పట్టుకున్నంత పని చేశాడు. నేనే చెప్తా అన్నాడు జకరయ్య. నీ కొడుకా, నీ కులమా, నీకేం పోతది అన్నాడు సిద్దయ్య. జకరయ్య అనుకున్నది తప్పయితే ఈ తల్లికి రెండోసారి మూట ఇస్తారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, భయం కూడా వేసింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

బాలనర్సమ్మ లేచి నర్సు చేతిలోంచి సంచి తీసుకుంది.

"బావా, ఆటోను పొమ్మను" అంది.

ఒంటిగంటైంది, రెండైంది. డాక్టరు మళ్లీ పెన్ను తీసి ఇంకో సూది రాశాడు. తడి మోచెయ్యి దాటింది, అంతకుముందు ఎప్పుడూ దాటలేదు. భుజం తడిసింది, రొమ్ము తడిసింది, ధోవతి కాళ్లకు అతుక్కుంది. భిక్షం మూడు బకెట్లు ఎత్తి పోశాడు. ఒక చిన్న చందమామ చేప కూడా పడితే దాన్ని చెంబులో వేసి పక్కన పెట్టాడు. ఎల్లేష్ చెయ్యి బరువెక్కి కిందికి గుంజుతోంది. జకరయ్య మంచం కాలికి మోకాలు తన్నిపెట్టి పట్టుకున్నాడు. మూడున్నరకు బాలనర్సమ్మ వేళ్లు కొంకర్లు పోయి సంచి ఒకసారి జారింది. రొమ్ము లేవలేదు. గోడకు ఆనుకుని బీడీ నలుపుతున్న సిద్దయ్య ఒక్క అంగలో వచ్చాడు.

"ఇటియ్" అని సంచి గుంజుకుని ఒత్తడం మొదలుపెట్టాడు. ఆయన పొద్దుగూకేదాకా ఒత్తాడు, బూతులు తిట్టుకుంటూనే ఒత్తాడు.

వార్డులో లైట్లు వేసే వేళకు ఎల్లేష్ చూపుడువేలు కదిలింది. అయ్యగారి అరచేతిలో గోటితో గీరింది. తర్వాత రెప్పలు. తర్వాత, సిద్దయ్య ఒత్తకముందే, రొమ్ము దానంతటదే లేచింది. ఆయన సంచి పట్టుకునే నేల మీద కూలబడి ఏడ్చాడు. బాలనర్సమ్మ తడిగుడ్డ తెచ్చి కొడుకు మొఖం కడిగింది.

మర్నాడు పొద్దున గొట్టం తీశారు. ఇంటికి పోకుండా మంచం పక్కనే ఉన్న జకరయ్య చొక్కా ఒంటిమీదే ఆరిపోయింది. తన సంచిలోని రెండో చొక్కా మడత విప్పలేదు. ఎల్లేష్ గొంతు బొంగురుపోయింది, అయినా మొదట ఆయన వైపే తిరిగాడు.

"అంత ఇనవడ్డది అయ్యా. పెద్దనాయిన ఆటో పిలిసింది ఇన్న, కోస్తరన్నది ఇన్న. నన్ను పంపకుండ్రి అని మస్తు ఒర్రిన. మీకెవ్వలకు ఇనవడలే."

బాలనర్సమ్మ నవ్వుతూ ఏడుస్తూ వాడి తల నిమిరింది. జకరయ్య నవ్వలేకపోయాడు. నలభై మూడు మొఖాలు, రెప్పలు వాలిన మొఖాలు, ఒక్కొక్కటే ఆయన ముందుకొచ్చాయి. వాళ్లలో ఎందరు విన్నారో, ఎందరు ఒర్రారో. భిక్షం ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

జకరయ్య లేచి గేటు దాకా నడిచాడు. గాలయ్య రోజులాగే ఆటోను గుడ్డతో తుడుస్తున్నాడు. అయ్యగారిని చూసి ఎవరన్నా ఉన్నారా అన్నట్టు వార్డు వైపు తల ఎగరేశాడు.

"లేరు గాలయ్యా" అన్నాడు జకరయ్య. "రేపటిసంది బస్టాండు కాడ పెట్టుకో. ఈడ నిలవడకు."