షెడ్డులో మే నెల

దేవరయాంజాల్ శివార్లో వినోదకు రోజూ పొద్దు ఒకేలా మొదలవుతుంది. చెప్పులు సున్నంలో అద్ది కోళ్ల షెడ్డులోకి పోవడం, ఊక కలబెట్టడం, చచ్చిన కోడిపిల్లలుంటే ఏరడం, ఆ లెక్క కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం. ల్యాప్‌టాప్ షెడ్డులోనే స్టూలు మీద ఉంటుంది. దాని తెర మూలన ఏ తారీఖు కనిపిస్తే లోపల ఆ కాలమే. కాకపోతే అది నెలను ముందు చూపిస్తుంది, షెడ్డేమో మనలాగే రోజు ముందు, నెల తర్వాత చదువుకుంటుంది. డిసెంబర్ మూడున 12/03 అని కనపడగానే లోపల మార్చి పన్నెండు వచ్చేసింది. పదమూడో తారీఖు నుంచి, పదమూడో నెలంటూ లేదు గనక, కాలం దానంతటదే దారికొస్తుంది. లోపల ఎండాకాలమైన రోజుల్లో వినోద స్వెటరు విప్పి తలుపు మేకుకు తగిలించి పనిలో పడేది.

కంపెనీ సూపర్‌వైజర్ అన్వేష్‌కు కాలంతో పేచీ లేదు, తారీఖులతోనే. ఫోన్లో ఒక తీరు, ల్యాప్‌టాప్‌లో ఒక తీరు ఉండి గుండ్లపోచంపల్లి దగ్గర ఒక షెడ్డులో టీకా తప్పింది, పిల్లలు గంపలకొద్దీ పోయాయి. మూడున కొత్త పిల్లలను దించుతూ గట్టిగా చెప్పాడు.

"అన్ని షెడ్లల్ల రోజే ముందుండాలె అక్కా. ఎల్లుండి ఎనిమిదింటికి వచ్చి చూస్త. మార్చనోళ్లకు మల్ల పిల్లలు రావు."

పిల్లలు రాకపోతే షెడ్డు మూతే. పొలం ఎప్పుడో ప్లాట్లయిపోయింది. వినోదకు, భర్త బాలేష్‌కు మిగిలింది ఇదొక్కటే. నాలుగున సాయంత్రం ఆమె సెట్టింగ్స్‌లోకి పోయి రోజును ముందుకు తెచ్చి, మార్చినట్టు అన్వేష్‌కు మెసేజ్ పెట్టింది. అప్పటిదాకా ఏప్రిల్‌లో ఉన్న షెడ్డు చల్లబడిపోయింది. పిల్లలకు వేడి తగిలేలా బల్బులన్నీ వేసి పడుకుంది.

ఐదున పొద్దున ఆరింటికి కరెంటు పోయింది. బయట మంచు. నాలుగు వేల పిల్లలు వెచ్చదనం కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కుంపట్లలోకి బొగ్గు లేదు. ఏప్రిల్‌లో బొగ్గు ఎందుకులెమ్మని తెచ్చిపెట్టుకోలేదు.

బాలేష్ బండి తీశాడు. "మేడ్చల్‌ల దుకాణం తెరిపిచ్చి తెస్త. రెండు గంటలు పడ్తది."

"రెండు గంటలు ఇవి ఆగయి."

అతను వెళ్లిపోయాడు. వినోద గుంపులను చేతులతో విడదీస్తోంది, అటు విడదీస్తే ఇటు కలుస్తున్నాయి. అడుగున ఏడు పిల్లలు చల్లగా దొరికాయి. ల్యాప్‌టాప్ వైపు చూసింది. 05/12. బ్యాటరీ ముప్పై శాతం. మారిస్తే ఎనిమిదింటికి అన్వేష్ చూస్తాడు. మార్చకపోతే చూడటానికి పిల్లలే ఉండవు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నెలను ముందుకు జరిపింది.

12/05. పైన రేకులు టపటపమన్నాయి. ఊక వేడెక్కిన వాసన. మే నెల వచ్చింది. పిల్లలు మెల్లగా విడిపోయి నీళ్ల డబ్బాల వైపు పరుగెత్తాయి.

ఇక ఆమె కళ్లు బ్యాటరీ మీదే. ఇరవై. పదకొండు. అన్వేష్ వచ్చేసరికి నాలుగు. ఆయన మంకీ టోపీ తీసి తెర చూశాడు.

"మార్చిన అని మెసేజ్ పెట్టినవ్ గదక్కా?"

"మార్చిన సార్. పొద్దుగాల నేనే మల్ల తిప్పిన. పిల్లలు సస్తుంటే సూస్కుంట కూసోలేను. మీరేం జేస్తరో జెయ్యిండ్రి."

ఆయన బయటికి పోయాడు. కారు స్టార్టయిన చప్పుడు విని, అయిపోయింది అనుకుంది వినోద. కారు వెనక్కి జరిగి షెడ్డు తలుపు దగ్గర ఆగింది. అన్వేష్ కారులోంచి కరెంటు వైరు లాగుతూ వచ్చాడు.

"ఛార్జర్ ఇటియ్యి. జల్దీ."

బాలేష్ బొగ్గు బస్తాతో తిరిగొచ్చేసరికి బ్యాటరీ తొమ్మిదికి ఎక్కింది. అన్వేష్ చెమట తుడుచుకుంటూ రిజిస్టరు తీసి, టీకా గడిలో అంకెలు కొట్టేసి 'డిసెంబర్ పది' అని అక్షరాల్లో రాశాడు.

"బుక్కుల ఇగ నెల పేరు రాయక్కా. అన్ని షెడ్లకు గదే చెప్త. గా ల్యాప్‌టాప్‌ల ఉన్నది ఉండనీ."

కింద, తర్వాతి పిల్లలు దిగే రోజు గడిలో 'ఫిబ్రవరి ఐదు' అని రాసి సంతకం పెట్టాడు. వినోద వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకుంది. 02/05. ఆ రోజు కూడా లోపల మే నెలే.