చూద్దాం మేస్త్రి

కాపాడు తండ్రీ అని మొక్కి బిగించిన బోల్టును మళ్ళీ ఒకసారి తిప్పి చూడటం దేవుడి మీద నమ్మకం లేకపోవడమేనా? మేస్త్రికి ఈ సందేహం ఇరవై రెండేళ్లుగా ఉంది. ఇవాళ కూడా ఎవరిదో జీపు కింద వెల్లకిలా పడుకుని, బిగించిన బోల్టుకే మూడోసారి స్పానరు తగిలించాడు. బోల్టు కదలలేదు. గుండెలో దడ మాత్రం తగ్గలేదు.

ఆ దడ గోడవార నిలబెట్టిన అట్టపెట్టెలను చూసినప్పటి నుంచీ ఉంది. వాటిలో అల్లుడు తెప్పించిన స్ప్రింగులున్నాయి, బండిని నాలుగంగుళాలు పైకి లేపేవి. పక్కనే నాలుగు టైర్లు. ఒక్కోటి మేస్త్రి తొడల పైదాకా వస్తుంది. వాటి మీద బొటనవేలంత మందాన రబ్బరు గుబ్బలు.

మూడు వారాల క్రితం అల్లుడు ఫోనులో వీటి సంగతే అడిగాడు. అల్లుడితో కాదని ఎలా అంటాడు? "చూద్దాం బాబూ" అన్నాడు. ఆయన చూద్దాం అన్నాడంటే వద్దన్నట్టే. షెడ్డులో అందరికీ తెలుసు, అందుకే చూద్దాం మేస్త్రి అని పేరు పెట్టారు. అల్లుడికి ఆ సంగతి తెలియదు. మామగారు ఒప్పుకున్నారనుకుని అన్నీ కొనేశాడు.

ఇరవై రెండేళ్ల క్రితం ఫోటో స్టూడియో నడిపే ఒకాయనకు కూడా మేస్త్రి ఇదే మాట అన్నాడు. ఆయన పట్టుబట్టాడు, మేస్త్రి బిగించాడు. అవే నాలుగంగుళాలు, అంతే ఎత్తు టైర్లు. పైకప్పు మీద సామాను కట్టుకుని కొండవాలుకు అడ్డంగా వెళ్తుంటే బండి ఒరిగి దొర్లిపోయింది. ఆయన బతకలేదు. మేస్త్రి వెళ్లి చూసేసరికి చక్రాలు ఆకాశం వైపు ఉన్నాయి. బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి. ఒక్కటైనా వదులై ఉంటే బాగుండునని అప్పుడు అనిపించింది.

పదింటికి అల్లుడి బండి వచ్చింది. ముందు కూతురు దిగి, నాలుగేళ్ల మనవరాలిని దింపింది. సాయంత్రం బయలుదేరితే పదకొండు రోజులు వాళ్లు రాళ్లదారుల్లో ఉంటారు.

"ఏంటి మామయ్యగారూ, పెట్టెలు ఇంకా విప్పనేలేదు?"

"ముందు నిండు బండి ఎంత కుంగుతుందో కొలవాలి బాబూ. సామానుతో కలిపి."

"సామానేముంది? రెండు సంచులు."

అందరూ అలాగే అంటారు. మేస్త్రి వెనక తలుపు తీశాడు. నీళ్ల డబ్బాలు, గుడారం, గ్యాసు పొయ్యి, రెండు స్పేరు చక్రాలు కనిపించాయి. పైకప్పు మీద మనిషి పట్టేంత పెట్టె. ముగ్గురినీ లోపల కూర్చోబెట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టాడు.

"తాతా, నన్నూ కొలువు!"

"ఒకే చోట మూడుసార్లు కొలుస్తున్నావేంటి నాన్నా?" అంది కూతురు.

"వయసమ్మా."

"నిన్న లేని వయసు ఇవాళ ఎలా వచ్చిందో!"

అల్లుడు దిగి ఒక పెట్టె తానే విప్పి, స్ప్రింగు తీసి మామగారి చేతుల్లో పెట్టాడు. "ఎత్తుంటే కింద రాయి తగలదు. చూడ్డానికీ దర్జాగా ఉంటుంది. కానివ్వండి."

ఇనుము చల్లగా ఉంది. మేస్త్రి నాలుక చివర ఆ పాత మాటే వచ్చి నిలబడింది. ఇన్నేళ్లూ దేవుణ్ణి బోల్టుల కోసమే అడిగాడు, నోటి కోసం ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడిగాడు.

"వద్దు," అన్నాడు.

అవతల వెల్డరు పని ఆపి, ముఖానికున్న అద్దం పైకెత్తాడు.

"మీరు కోప్పడినా సరే, ఇవి నేను బిగించను బాబూ. ఇంత ఎత్తు మీద అంత బరువు పెడితే పక్కవాలులో బండి నిలవదు. రెండంగుళాలు చాలు, మీ బరువుకు సరిపోయే స్ప్రింగులు నా దగ్గరున్నాయి. టైరు ఒక్క సైజే పెంచుదాం, పక్కలు గట్టిగా ఉన్నది. రాళ్లలో కాస్త గాలి తగ్గిస్తే అదే పట్టుకుంటుంది."

అల్లుడి ముఖం ఎర్రబడింది. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదా! చూద్దాం అన్నారు!"

"ఆయన చూద్దాం అంటే వద్దనే సార్," అన్నాడు వెల్డరు. "మా షెడ్డు పిల్లికి కూడా తెలుసు."

"నాకే తెలియలేదన్నమాట," అంది కూతురు. "పదేళ్లప్పుడు బాగుచేసిన బండి ట్రయల్‌కి నన్నూ తీసుకెళ్లమంటే చూద్దాం అన్నావు. ఇరవై ఏళ్లుగా చూస్తూనే ఉన్నా."

మేస్త్రి స్ప్రింగును నేల మీద పెట్టి, ఫోటో స్టూడియో ఆయన సంగతి చెప్పాడు. ఇంట్లో ఎప్పుడూ చెప్పనిది. అల్లుడు కూతురి వైపు, పాప వైపు చూశాడు. ఆపైన బండెక్కి, పైకప్పు మీది పెట్టె తాళ్లు విప్పసాగాడు.

మూడున్నరకు పని అయింది. పాప బరువుకు ఇసుక బస్తా వేశాడు మేస్త్రి. ట్రయల్‌కి ఎప్పుడూ ఒక్కడే వెళ్తాడు. ఏదైనా అయితే తనకొక్కడికే కావాలని. ఇవాళ ఎడమ తలుపు తీసి పట్టుకుని, "రామ్మా," అన్నాడు.

షెడ్డు వెనక రాళ్ల వాలు మీద బండిని అడ్డంగా నడిపాడు. ఒక చక్రం గుంటలోకి దిగింది. బండి ఒరిగింది. ఇంకా ఒరిగింది. కూతురు పిడి పట్టుకుని దారిని వదిలేసి తండ్రి ముఖమే చూస్తోంది. బండి మెల్లగా నిలబడింది.

"భయమేస్తోందా నాన్నా?"

"వేస్తోందమ్మా."

"నాకూ," అంటూ పదేళ్ల పిల్లలా నవ్వింది. "ఇంకోసారి తిప్పు."

తిప్పాడు.

బయలుదేరేటప్పుడు కిటికీ దగ్గర వంగి, "రోజూ పొద్దున్నే బోల్టులు ఒకసారి చూసుకోండి బాబూ," అన్నాడు.

"చూద్దాం," అని అల్లుడు నాలుక కరుచుకున్నాడు. "చూసుకుంటాను మామయ్యగారూ."

బండి మలుపు తిరిగింది. దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. పదకొండు రోజులు. మేస్త్రి స్పానర్లు తుడిచాడు, తుడిచినవే మళ్ళీ తుడిచాడు. బరువు తగ్గించడానికి దించిన వాటిలో, పాప కోసం కొన్న చిన్న మడత కుర్చీ గుమ్మం పక్కన ఉండిపోయింది. దాని చేతికి కట్టిన ధర చీటీ దారం మీద ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరుగుతోంది.