నడుం విరిగింది

మధ్యాహ్నం పూట నా గదిలో నీలం వెలుగు పరుచుకుంటుంది. ఆ కర్టెన్లు మా మేనత్త కుట్టినవే. ఆ వెలుగులో బల్ల మీద బోర్లా పడుకున్నవాళ్ళకు నొప్పి తగ్గకముందే కునుకు పట్టేస్తుంది. వాళ్ళ వెన్నుపూసల్ని చేతులతో సరిచేస్తూ నేనూ సగం కలలోనే ఉంటాను. ఆ కలను చెడగొట్టేది ఒక్క మాటే: "ఎక్స్‌రే తీయించరా?" నడుం పట్టేసిన ప్రతివాళ్ళూ అదే అడుగుతారు. ఇలాంటి నొప్పి బొమ్మలో పడదండీ, ఊరికే ఒంట్లోకి కిరణాలెందుకు అని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది.

మొన్న అత్తే వచ్చింది.

"నడుం విరిగిందే," అంది చెప్పులు విడుస్తూ.

నవ్వాను. బట్ట తానులు మోసినా, గిన్నెలు తోమినా ఆవిడ నడుం విరుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఆ మాటకు అర్థం, టీ పెట్టమని.

"ఈసారి ఏం మోశావు?" అన్నాను, ఆవిడను పడుకోబెట్టి వీపు మీద చేతులు ఆనిస్తూ.

"ఏం మొయ్యలేదు. తుమ్మానంతే."

ఒక్క విసురున నొక్కితే టక్కుమంటుంది, అయిపోతుంది. కానీ చేతులు కదల్లేదు. ఉత్త తుమ్ముకేనా?

"ఆయాసానికి ఇంకా ఆ స్టిరాయిడ్ మాత్రలే వేసుకుంటున్నావా?"

"అవేగా, ఏళ్ళ తరబడి," అంది మగతగా.

ఆ మాత్రలు ఎముకల్ని లోలోపలే గుల్ల చేస్తాయి. పూసల మీద వేలితో మెల్లగా తట్టుకుంటూ వచ్చాను. ఒకచోట ఆవిడ ఒళ్ళంతా బిగుసుకుపోయింది.

"మెల్లగా లే అత్తా. ఎక్స్‌రే తీయించాలి."

"అందరికీ వద్దంటావుగా?"

"నీకు కావాలి."

బొమ్మలో పూసలన్నీ ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. ఒకటి మాత్రం ముందువైపు నలిగి కుంగిపోయింది. నిజంగానే విరిగింది. నన్ను చంకనేసుకుని తిరిగిన నడుం అది. ఇంకొక్క క్షణమైతే నా చేతులతోనే పాడుచేసేదాన్ని. చచ్చేంత భయమేసింది.

ఎముకల డాక్టరు మందులూ బెల్టూ రాసిచ్చి, విశ్రాంతి తీసుకోమన్నాడు. అత్త ఇంటికి పోకుండా మళ్ళీ నా బల్ల మీదికే వచ్చి, పక్కకు తిరిగి పడుకుంది.

"నొక్కొద్దన్నారు అత్తా."

"నొక్కకులే. ఊరికే చెయ్యి వేసి ఉంచు."

వేశాను. కాసేపటికి, కళ్ళు మూసుకునే అంది: "నీ చెయ్యెందుకే అలా వణుకుతోంది? నొప్పి నాది కదా."