గడియార స్తంభం మీంచి కనిపించేవి

వీధిలో అందరూ ఆమెను పళ్ళక్క అంటారు. ఆ పేరు విని, సంచి పట్టుకుని అరటిపళ్ళ కోసం వచ్చిన కొత్తవాళ్ళు కూడా ఉన్నారు. ఆమె చేసేది నోట్లో పెట్టుకునే కట్టుడు పళ్ళు. దంతవైద్యులు పంపిన అచ్చులు చూసి, పింగాణీ పూసి, ముందు గదిలోని చిన్న కరెంటు కొలిమిలో కాల్చి, ఎవరి రంగుకి తగ్గ పన్ను వాళ్ళకి తయారుచేసి పంపుతుంది. ఇరవై రెండేళ్ళలో ఎవరి నోరూ ఆమెకు అసహ్యం కలిగించలేదు. చీము పట్టిన చిగుళ్ళ అచ్చయినా, పొగాకుతో నల్లబడ్డ పాత సెట్టయినా దీపం కింద పెట్టి శ్రద్ధగా తిప్పి చూసేది. రోత అంటే ఏమిటో ఆమెకు పురాతన కట్టడాల సంఘంతో పని పడ్డాకే తెలిసింది.

వాళ్ళది పాత పేట. ఇంటికి నూట డెబ్బై ఏళ్ళు. పెంకుల కప్పు, మందపాటి గోడలు, మేకు కొట్టాలన్నా సంఘం సంతకం కావాలి. కరెంటు మాత్రం దానిష్టం, వస్తుంది, పోతుంది. కొలిమి ఎర్రగా కాగుతున్నప్పుడు పోయిందంటే లోపలున్న పన్ను సన్నగా నెర్రెలిచ్చేస్తుంది. మూడు రోజుల పని బుగ్గిపాలు. ఒకే ముసలాయన ముందుపన్ను నాలుగుసార్లు పాడయ్యాక ఆమె విసిగిపోయి, కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకుంటానని దరఖాస్తు పెట్టింది. ప్యానెళ్ళ మేస్త్రీ వచ్చి కప్పెక్కి చూశాడు. "దక్షిణం వాలు బ్రహ్మాండంగా ఉందమ్మా. ఎండ ఒక్క నిమిషం కూడా వృథా పోదు" అన్నాడు.

సంఘం నుంచి ముగ్గురొచ్చారు. ఇద్దరు వీధిలోనే నిలబడి తలలెత్తి చూశారు. మూడో ఆయన ఆర్కిటెక్టు, కాళ్ళకు మల్లెపువ్వుల్లాంటి తెల్ల బూట్లు. ఆయన లోపలికొచ్చి, గోడని అరచేత్తో నిమిరి, "అబ్బ, ఏం సున్నం. ఇప్పుడెవరికొస్తుంది ఈ పని" అన్నాడు. ఆ గోడే వానాకాలం చెమ్మెక్కి ఆమె అచ్చుల మీద బూజు తెప్పిస్తుంది. ఆ సంగతి చెప్పబోతే ఆయన అప్పటికే కిటికీ చెక్కడం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇచ్చిన టీ తాగాడు. కప్పు మీదకు వెళ్ళడానికి నిచ్చెన చూపిస్తే తన బూట్ల వైపు ఒకసారి చూసుకుని, "అవసరం లేదులెండి, ఊహించగలను" అన్నాడు.

ఎనిమిది నెలలకు ఉత్తరం వచ్చింది. పళ్ళక్క చదువుతుంటే వదిన పక్కనే కూర్చుని ఉంది. వదిన అంటే భర్తకు అక్కగారు. ఆ సంఘం ఆఫీసులోనే ముప్ఫై ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరయింది. పళ్ళక్క భర్త దూరపు బస్సుల డ్రైవరు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే. అందుకని ఇంట్లో మాటలన్నీ ఈ ఇద్దరి మధ్యే.

"గడియార స్తంభం పై అంతస్తు నుంచి చూసినప్పుడు పెంకుల కప్పుల ఏకరూపథకు భంగం కలుగుతుంది గనుక అనుమతి నిరాకరించడమైనది" అని చదివింది పళ్ళక్క.

"మళ్ళీ చదువు" అంది వదిన.

మళ్ళీ చదివింది.

"ఏకరూపత కాదూ. ఏకరూప'థ' అనే ఉందా?"

"థ అనే ఉంది వదినా. ఎందుకు?"

"ఆ థ నాదే" అంది వదిన. "చేరిన కొత్తలో తప్పు కొట్టాను. ఎవరూ చూడలేదు. అప్పట్నుంచీ ఆ ఉత్తరాన్నే చూసి కొడుతున్నారన్నమాట. పేర్లు మార్చి పంపేస్తున్నారు."

ఇద్దరూ నవ్వారు. వదిన నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. "మొదటిసారి అది కొట్టింది ఎవరికో తెలుసా? వెనక సందులో ఒక నడవలేని మనిషి ఉండేవాడు. ఇంట్లో మరుగుదొడ్డి కట్టుకుంటానన్నాడు. గొట్టం పెంకుల మీంచి పైకి కనిపిస్తుందని కాదన్నారు. బతికినన్నాళ్ళూ పొద్దున్నే ఎవరో ఒకరు వీపు మీద మోసుకెళ్ళేవారు. నేనేమో టైపు కొట్టి, కార్బన్ తీసి, ఫైల్లో పెట్టి, డబ్బా తెరిచి భోజనం చేశాను. ఏమీ అనిపించలేదే మరదలా. ఆ అన్నం ఎలా దిగిందో ఇప్పుడు అర్థం కావట్లేదు."

మర్నాడు పళ్ళక్క టిక్కెట్టు కొనుక్కుని గడియార స్తంభం ఎక్కింది. తన ఇల్లు అంత ఎత్తునుంచి ఎలా కనబడుతుందో చూడాలనుకుంది, అంతే. వదిన కూడా బయలుదేరింది గానీ మొదటి మలుపులోనే మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయింది.

నూట పద్దెనిమిది మెట్లు. పైకెళ్ళి ఊపిరి పీల్చుకున్నాక తన ఇంటి కోసం వెతికింది. దొరకడానికి చాలాసేపు పట్టింది. పెంకులన్నీ ఒకటే రంగు, తనది వాటిలో అగ్గిపెట్టెంత. కంటికి ముందు కొట్టొచ్చినట్టు కనపడింది మాత్రం సరిగ్గా కిందనే ఉన్న సంఘం ఆఫీసు. వీధిలోంచి చూస్తే అది రాజుగారి పెళ్ళికి ముస్తాబు చేసినట్టుండే భవనం. పైనుంచి చూస్తే దాని నెత్తి మీద విరిగిన కుర్చీలు, వానకు తడిసి ఉబ్బిన ఫైళ్ళ కట్టలు, ఆకుపచ్చ పాచి పట్టి కారే రెండు ప్లాస్టిక్ ట్యాంకులు, ఏసీ డబ్బాలు, రెట్టల కింద కూరుకుపోయిన చచ్చిన పావురాలు. అధ్యక్షుడి గది పక్కనుంచి పైకొచ్చిన మరుగుదొడ్డి గొట్టం పగిలి ఉంది. అందులోంచి కారేది రెండొందల ఏళ్ళ నాటి పెంకుల మీదుగా నల్లటి చారలా జారి, వాననీటి తూములో పడి, అక్కణ్ణుంచి వీధిలోకి చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆ తూము కిందే ఎవరో దంపతులు నిలబడి, భవనం వెనక వచ్చేలా ఫొటో తీయించుకుంటున్నారు.

గాలి ఇటు తిరిగింది. పళ్ళక్క కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఫోనులో పదకొండు ఫొటోలు తీసింది.

ఆ వారంలోనే అధ్యక్షుణ్ణి కలిసింది. ఆయన నవ్వుతూ లేచి నిలబడ్డాడు. "రండమ్మా. మీ చేతి పళ్ళతోనే నవ్వుతున్నాం కదా మేము" అని పై వరస మీద గోటితో టకటకా కొట్టి చూపించాడు. పళ్ళక్క ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. పక్కన ఫోను పెట్టింది. ఒక్కో ఫొటో వేలితో జరుపుతూ చూపించింది.

ఆయన నవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. కుర్చీలు చూశాడు, పావురాలు చూశాడు, గొట్టం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. ఏ సంజాయిషీ అయినా ఇస్తాడేమో, కనీసం సిగ్గుపడతాడేమో అని ఆమె చూస్తూ ఉంది.

"ఇవి ఇంకెవరికైనా చూపించారా?" అన్నాడు.

"లేదు."

"మంచిది" అని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అదే గది, పక్కనే ఆ గొట్టం. ఆ గాలి ఎలా పీలుస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు. అలవాటైపోయి ఉంటుంది.

నాలుగో రోజు తెల్లబూట్లాయన ఇంటికొచ్చాడు. చేతిలో అనుమతి పత్రం, సంతకం, ముద్ర అన్నీ సిద్ధం. "మీ కప్పు విషయం పునఃపరిశీలించాం. పెద్ద ఇబ్బందేమీ లేదని తేలింది" అన్నాడు. పత్రం మాత్రం చేతిలోంచి వదల్లేదు. "ఆ ఫొటోలు... మనలో మాట, ఎందుకండీ అవి? తీసెయ్యండి. నా ముందే తీసేస్తే నాకూ నిశ్చింత."

పళ్ళక్క వదిన వైపు చూసింది. వదిన కిటికీలోంచి వీధి చూస్తోంది. కొలిమి పక్క పళ్ళెంలో ఆ ముసలాయన ముందుపన్ను ఉంది, ఐదోసారి చేసింది, దానికీ నెర్రె వచ్చింది. పళ్ళక్క ఫోను తీసి ఒక్కొక్కటే చెరిపేసింది. ఆయన భుజం మీదుగా వంగి లెక్కపెట్టాడు. పదకొండూ అయ్యాక పత్రం ఇచ్చి, టీ అడిగి మరీ తాగి వెళ్ళాడు. ఆ గ్లాసు ఆమె రెండుసార్లు తోమింది. అయినా దాంట్లో ఏదీ పోసుకోబుద్ధి కాక చెత్తబుట్టలో పడేసింది.

ప్యానెళ్ళు వచ్చాయి. మేస్త్రీ దక్షిణం వాలున పది బిగించి, గూట్లో బ్యాటరీ పెట్టి, "ఇక ఊరంతా చీకటైనా మీకు ఢోకా లేదు" అన్నాడు. నిజమే. ముసలాయన పన్ను ఆరోసారి ముత్యంలా వచ్చింది. పని చకచకా సాగింది. అంతా బాగుంది గానీ, కొలిమి వెలిగించిన ప్రతిసారీ ఆమెకు భుజం మీద ఆ వంగిన మనిషి ఊపిరి తగిలినట్టుండేది.

నెల తిరక్కుండా ఎదురింటి బైండింగాయన వచ్చాడు. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషి, నెమ్మదస్తుడు. చేతిలో ఉత్తరం.

"అక్కా, మీకిచ్చారు కదా అని నేనూ అడిగాను. నాకు పది రోజుల్లోనే లేదన్నారు" అన్నాడు. "మా ఆవిడకి ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉండాలి. నిన్న ఆరు గంటలు కరెంటు లేదు. తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టాను. అది పనిచేస్తోందో చెడిపోయిందో పొడిచాక గానీ తెలియట్లేదు. మీరేం రాశారో చెబితే నేనూ అలాగే రాస్తాను."

"నేను రాసి తెచ్చుకోలేదు తమ్ముడూ" అంది పళ్ళక్క. ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. మీకు తోచినప్పుడు చెప్పండంటూ వెళ్ళిపోయాడు.

వెంటనే చెప్పులేసుకుని గడియార స్తంభానికి వెళ్ళింది. మళ్ళీ ఫొటోలు తీద్దామని. పైకెళ్ళి చూస్తే ఆఫీసు కప్పంతా పెంకుల రంగు టార్పాలిన్ కప్పేసి ఉంది. ఒక్క కుర్చీ కూడా తీసినట్టు లేదు, గుట్టలు గుట్టలుగా ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. వాసన అలాగే ఉంది. తూములోంచి చుక్కలు అలాగే పడుతున్నాయి. ఫొటోకి మాత్రం ఏమీ దొరకదు. ఊరికి మచ్చలేని ఎర్ర కప్పు.

ఆమెకు వాళ్ళ మీద పుట్టిన రోత తన మీదకు తిరిగింది. వాళ్ళు గొట్టాన్ని కప్పిపెట్టారు, తను నోరు మూసుకుంది. రెండూ ఒకే బేరంలో జరిగాయి.

ఇంటికొచ్చి వదినతో, "టైపు మిషను ఇంకా పనిచేస్తుందా?" అంది.

"ఎందుకు?"

"జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు అనుమతి ఎలా వచ్చిందో, ఏం చెరిపేస్తే వచ్చిందో. బైండింగాయన అప్పీలుకి నేను సాక్షి."

"నీ ప్యానెళ్ళు దించేస్తారే."

"దించనీ."

వదిన అటక మీంచి మిషను దింపించి, దుమ్ము దులిపి, రిబ్బను ఉమ్మితో తడిపి చూసింది. పళ్ళక్క చెబుతుంటే మధ్యాహ్నమంతా కొట్టింది. ఎక్కడైనా ఆమె మెత్తబడి, "బహుశా పొరపాటున" లాంటి మాట అంటే వదిన వేళ్ళు ఆపి, "పొరపాటున కాదు, తెలిసే" అని సరిచేసేది. ఆఖర్న పళ్ళక్క సంతకం కింద వదిన తన పేరూ, చేసిన ఉద్యోగమూ, ముప్ఫై ఏళ్ళూ రాసి సంతకం పెట్టింది. నడవలేని ఆ మనిషి సంగతి కూడా ఒక పేరా కొట్టింది. అది ఆమె ఎవరినీ అడక్కుండా కొట్టింది.

అప్పీళ్ళు తీసుకునేది సంఘం కాదు, నగరపాలక సంస్థ కార్యాలయం. కిటికీ దగ్గర గుమాస్తా మూడు పేజీలూ చదివి, మొదటి పేజీకి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివి తలెత్తాడు.

"ఇది ఇస్తే మీ అనుమతి కూడా రద్దవ్వొచ్చు. తెలుసా?"

"తెలుసు."

"తర్వాత నేను చెప్పలేదనకండి."

"అనను. ముద్ర వెయ్యండి" అంది పళ్ళక్క.

వారానికి ఆమె అనుమతిని విచారణ అయ్యేదాకా నిలిపివేశామని నోటీసు వచ్చింది. మేస్త్రీ మొహం వేలాడేసుకుని వచ్చి తీగలు విప్పి, ప్యానెళ్ళకు గుడ్డ కప్పి వెళ్ళాడు. బైండింగాయన అప్పీలుకి తేదీ ఇచ్చారు. నగరపాలక సంస్థ ఇంజనీరు ఒకడు నిచ్చెన వేసుకుని సంఘం ఆఫీసు కప్పెక్కి, టార్పాలిన్ ఒక మూల ఎత్తి చూసి, జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని దిగాడట. అతడు ఏం రాస్తాడో ఇంకా తెలియదు.

విచారణ రోజు పొద్దున బైండింగాయన భార్యను కూడా వెంటబెట్టుకుని గుమ్మం ముందుకొచ్చాడు. వదిన అప్పటికే చెప్పులేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. పళ్ళక్క తలుపు తాళం వేసింది. నలుగురూ కలిసి నడుచుకుంటూ వెళ్ళారు.