నీలి అట్ట బైబిలు

ఉమ్మితొట్లు కడిగి బోర్లించేసరికి ఏడయింది. ఏమస్ టాలివర్ చీపురు గోడకు చేర్చి, గుమస్తా బల్ల మీదున్న బంగారు అంచుల బైబిలును దులిపాడు. అది తెల్లవాళ్లు ప్రమాణం చేసేది. నల్లవాళ్లది బీరువా అడుగు అరలో ఉంటుంది. ఒకే దేవుడు, అవే మాటలు, అట్టలే వేరు. అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఆ చిన్న ఊరి కోర్టులో దాన్ని ఎవరూ వింతనుకోరు.

రెండోదాని అట్ట ఊడిపోతే, పన్నెండేళ్ల కిందట భార్య ఒడెస్సా తన ఆదివారం గౌనులోంచి నీలిముక్క కత్తిరించి కుట్టింది. "మనవాళ్లు చెయ్యి పెట్టేది కదయ్యా, కాస్త మెత్తగా ఉండనీ" అంది. ఆమె పోయి ఆరేళ్లు. ఆ గుడ్డకు ఇంకా ఆమె ఇస్త్రీపెట్టె వాసన ఉందని ఏమస్‌కు అనిపిస్తుంది. ఉండదని తెలిసినా రోజూ ఓసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు.

ముప్పై ఒక్కేళ్లుగా ఆ పుస్తకాన్ని ఎందరికో అందించాడు గాని, తాను ఏనాడూ ప్రమాణం చేయలేదు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఇవాళ తప్పదు. తాపీపని చేసే లీవై పత్తిమిల్లు తగలబెట్టాడని కేసు. మిల్లు అంటుకున్న ఆదివారం మధ్యాహ్నం లీవై ఏమస్ ఇంటికి మెట్లు కడుతున్నాడు. అది చూసినవాడు ఏమస్ ఒక్కడే.

గుమస్తా హార్‌గ్రోవ్ దొర వస్తూనే టోపీ తగిలించి, "ఒరే ఏమస్, బోనెక్కుతావటగా. ఎక్కితే సాయంత్రం తాళాలు బల్ల మీద పెట్టి పో. మళ్లీ రానక్కర్లేదు" అన్నాడు.

"అలాగే దొరా. కిటికీలు తుడవాలి, తుడిచి పోతాను."

పేరు పిలిచారు. ఏమస్ బోనెక్కాడు. గుమస్తా కదలలేదు. నల్లవాళ్ల బైబిలును తెల్లవాడు ముట్టుకోవడం ఆ కోర్టులో లేదు. ఇన్నేళ్లూ అందించినవాడేమో బోనులో ఉన్నాడు.

"ఏమస్, పుస్తకం తే" అన్నాడు గుమస్తా చివరికి.

ఏమస్ దిగి, బీరువా తెరిచి, పుస్తకం తెచ్చుకుని మళ్లీ ఎక్కాడు. జ్యూరీలో పన్నెండుమందీ నవ్వారు. మేడమీద వేరుగా కూర్చోబెట్టిన నల్లవాళ్లు నవ్వలేదు. ఏమస్ ఒడెస్సా కుట్ల మీద చెయ్యి ఆన్చాడు. భయం పోయింది.

"వాచీ లేదుగా, టైమెలా తెలిసిందిరా?" అన్నాడు సర్కారు వకీలు.

"చర్చి గంట రెండు కొట్టింది దొరా. ఇంతలో మిల్లు వైపు పొగ లేచింది. లీవై మొక్కజొన్న రొట్టె తింటున్నాడు."

వకీలు కోడిగుడ్డుకు ఈకలు పీకడం మొదలుపెట్టాడు. "రొట్టెలో ఉప్పెంత వేశావో కూడా గుర్తుందా?"

"చాల్లేదని లీవై అన్నాడు దొరా."

ఈసారి మేడ నవ్వింది. జడ్జి సుత్తి మోగింది.

లోపలికెళ్లిన జ్యూరీ జడ్జి చుట్ట ఆరేలోగా తిరిగొచ్చింది. లీవైకి ఇరవయ్యేళ్లు పడింది. గొలుసులతో నడుస్తూ అతను ఏమస్ దగ్గర ఆగి, "కిందమెట్టు మిగిలిపోయింది బాబాయ్, చూసుకుని దిగు" అన్నాడు.

అందరూ వెళ్లాక కిటికీలు తుడిచాడు. తాళాలు బల్ల మీద పెట్టాడు. నీలి బైబిలును కోటులో పెట్టుకుని మళ్లీ తీశాడు. భార్య గౌనులో ఇంట మిగిలిన ముక్కంటూ ఏదీ లేదు, వదలబుద్ధి కాలేదు. కాని రేపెవరో మనవాడు బోనెక్కితే చెయ్యి దేనిమీద పెడతాడు? పుస్తకాన్ని మాత్రం అడుగు అరలో దాచలేదు. తలుపు దగ్గరగా వేసి, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడూ ఆ మర్నాడూ, ముట్టుకుని తీసేవాళ్లు లేక, ఆ నీలి అట్ట బైబిలు కోర్టు నడుమ సాక్షిబోను మీద అందరికీ కనబడుతూ అలాగే ఉంది.