అర శ్రుతి

ఆదివారం మధ్యాహ్నం గేటు చప్పుడైతే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున ఆరాధనలో మొరాయించిన కీబోర్డులన్నీ ఆ వేళకి తెనాలిలో మా ఇంటికి చేరతాయి. ఒకదాంట్లో కొవ్వొత్తి మైనం, ఒకదాంట్లో బొద్దింకల సంసారం, ఇంకోదాని మీద ఎవరో ఒలకబోసిన ద్రాక్షరసం. "సిస్టర్, వచ్చే ఆదివారానికల్లా కావాలి" అని అందరిదీ ఒకటే పాట. అన్నం తిన్నావా అని మాత్రం ఒక్కరూ అడగరు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, టీవీలు బాగుచేసే షాపులో కొన్నేళ్లు కూర్చున్నాను. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక కీబోర్డులు, సింథసైజర్లు పట్టుకున్నాను. ముందు గదిలో బల్ల, సోల్డరింగ్ ఐరన్, చచ్చిపోయిన కీబోర్డుల నుంచి ఊడబీకిన సామాను, ఇవే నా ఆస్తి. ఈమధ్య ఒక భూతద్దం కూడా చేరింది. ఎవరైనా వస్తే దాన్ని సొరుగులో పడేస్తాను. క్రిస్టినాకి చూపు ఆనడం లేదట అని ఒకసారి మొదలైతే ఇక పని ఇచ్చేవాళ్లు ఉండరు.

ఆ ఆదివారం గేటు చప్పుడైంది. లేవబుద్ధి కాలేదు. లేచాను. నందివెలుగు నుంచి దుర్గాంబ పిన్ని ఆటోలో వచ్చింది. పక్కన పాత దుప్పటిలో చుట్టిన పెట్టె ఉంది. ఆ పెట్టె ఎక్కడున్నా నేను గుర్తుపడతాను, నా చేతులతో కట్టిందే.

దుర్గాంబ పిన్ని భర్త వీరరాఘవయ్యగారు వ్యవసాయదారుడు. కానీ ఈ చుట్టుపక్కల ఆయన్ని పద్య నాటకాల్లో రాజుగానే ఎరుగుదురు. నాటకాలవాళ్లకి ఎవరు ఎంత శ్రుతిలో పాడతారన్నది ఇంటిపేరు కన్నా ముఖ్యం. శ్రుతి అంకె పెరిగినకొద్దీ గొంతు అంత పైకి లేవాలి. ఈయనది ఐదున్నర. మైకులో పేరు చదివేటప్పుడు కూడా "ఐదున్నర శ్రుతి వీరరాఘవయ్యగారు" అనే చదువుతారు.

ఆయనకి హార్మోనియం వాయించే యలమంద అన్నయ్య స్కూటర్ మీద నుంచి పడి ఎడమ భుజం విరగ్గొట్టుకున్నాడు. తిత్తి వెయ్యలేడు. అందుకని మూడేళ్ల క్రితం పాత హార్మోనియం చెక్కపెట్టెలో ఒక సింథసైజర్ మెట్లు, ఇంకో సింథసైజర్ బోర్డు బిగించి, తిత్తి అక్కర్లేని పెట్టె తయారుచేసి ఇచ్చాను. శ్రుతి మార్చే బటను ముందు పెట్టాను, శ్రుతి అంకె ఎర్రగా వెలిగే కిటికీ కూడా పెట్టాను. అది వీరరాఘవయ్యగారి కోరిక. "జనానికి కనపడాలమ్మా" అన్నారు. సన్నని సవరణలకి వెనక వైపు ఒక మర ఉంది. దాన్ని తిప్పితే అంకె మారకుండానే స్వరం అర శ్రుతి దాకా ఎక్కుతుంది, దిగుతుంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన ప్రతి నాటకానికి ముందు మర మధ్యలోనే ఉందో లేదో వేలితో తడిమి చూసుకుంటారు. ఎవరూ తనని మోసం చెయ్యకూడదని ఆయన పట్టుదల.

"ఏంటి పిన్నిగారూ, మళ్లీ ఏమైంది దీనికి?" అన్నాను. నా గొంతులో విసుగు నాకే వినపడింది.

"కర్లపాలెంలో జనరేటరు దెబ్బకి ఆగిపోయిందమ్మా. అది సరే, నువ్వు చేస్తావు." పిన్ని కుర్చీలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. "అక్కడే ఆయన గొంతు కూడా చీలిపోయింది. చివర రాగం తీస్తుంటే పైన తెగిపోయింది. జనం మంచోళ్లు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకే ఆయన కుంగిపోయారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు."

"శ్రుతి తగ్గించుకోమనండి. డెబ్బై దాటాయిగా."

"చెప్పి చూశాను. ఐదున్నర నుంచి దిగిన రోజున మొహానికి రంగు పుయ్యనంటారు. రంగు పుయ్యకపోతే ఆ మనిషి బతకడమ్మా. నాకు తెలుసు." నా చెయ్యి పట్టుకుంది. "రేపల్లెలో నాటకం ఉంది. ఆయనకి తెలీకుండా ఓ అర తగ్గించు. అంకె మాత్రం అదే కనపడాలి. ఎవరికీ చెప్పకు. యలమందకి అసలే వద్దు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

నాకు కోపం వచ్చింది. ఇంతమందిలో అబద్ధం ఆడించడానికి నేనే దొరికానా అనిపించింది. కానీ ఆవిడ నా చెయ్యి వదల్లేదు. సరేనన్నాను.

కాలిపోయిన పవర్ సప్లై మార్చడం ఓ పూట పని. రెండో పనే తల ప్రాణం తోకకి తెచ్చింది. బోర్డు మీద క్రిస్టల్ అని వేలిగోరంత రేకు డబ్బా ఉంటుంది. మొత్తం యంత్రానికి వేగం ఇచ్చేది అదే. కాస్త నిదానంగా కొట్టుకునే క్రిస్టల్ వేస్తే అన్ని స్వరాలూ కలిసికట్టుగా కిందికి దిగుతాయి. అంకెకి ఆ సంగతి తెలియదు. సరిగ్గా అర శ్రుతి దింపే ముక్క కోసం పాత బోర్డులన్నీ వెతికాను. భూతద్దం ఒక చేత్తో, ఐరన్ ఒక చేత్తో పట్టుకుని అతికించేసరికి మెడ పట్టేసింది, కళ్లమ్మట నీళ్లు కారాయి.

పెట్టె తీసుకెళ్లడానికి వీరరాఘవయ్యగారే స్వయంగా వచ్చారు. భూతద్దం గబుక్కున సొరుగులో వేసి, సొరుగు మూశాను. ఆయన నిలబడే మర తడిమారు. మధ్యలోనే ఉంది. కిటికీలో ఐదున్నర వెలిగింది.

"అంతా సరిగ్గానే ఉందా అమ్మా?"

"ఉందండి బాబాయిగారూ."

ఆయన ఒక మెట్టు నొక్కి సన్నగా గొంతు కలిపారు. కలిపి, ఇంకోసారి అదే మెట్టు నొక్కారు. "బాగా చేశావమ్మా" అని పెట్టె పట్టుకుని వెళ్లిపోయారు.

రేపల్లె రానని మొండికేశాను. పెట్టె మధ్యలో ఆగిపోతే ఎవరు చూస్తారని పిన్ని బతిమాలింది. నిజానికి ఆవిడకి పక్కన ఒక తోడుదొంగ కావాలి. నాటకాలవాళ్ల వ్యానులో, కిరీటాల పెట్టె మోకాళ్లకి పొడుచుకుంటుంటే, పోయాను.

ఇప్పుడు తెల్లవార్లూ నాటకం చూసే ఓపిక ఎవరికీ లేదు గనక సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టారు. బడి ఆవరణలో స్టేజీ. ముందు వరసల్లో పెద్దవాళ్లు, వెనక ఖాళీ కుర్చీలు ఎక్కువ. కర్లపాలెం నుంచి కూడా కొందరు వచ్చారని పిన్ని చెవిలో చెప్పింది. ఆ గొంతు మళ్లీ చీలుతుందేమో చూడటానికే వచ్చారని ఆవిడ భయం. ఇద్దరం స్టేజీ పక్కనే కూర్చున్నాం.

రాజు వేషంలో వీరరాఘవయ్యగారు వచ్చి, అలవాటు ప్రకారం మర తడిమి, తృప్తిగా లోపలికి వెళ్లారు. ఆయన అటు తిరగ్గానే యలమంద అన్నయ్య చెయ్యి మెల్లగా పెట్టె వెనక్కి వెళ్లింది. మర తిరగడం నేను కళ్లారా చూశాను. పాపం, అతనూ కర్లపాలెంలో పక్కనే ఉన్నవాడే. మేము అతనికి చెప్పలేదు, అతను మాకు చెప్పలేదు. నా అర మీద అతని అర. ఐదున్నర అని వెలుగుతున్న పెట్టె నాలుగున్నరలో పలకబోతోంది.

లేచి వెళ్దామనుకునేలోగా తెర లేచింది.

మొదటి పద్యం ఎత్తుకున్నారు. గొంతు చీలలేదు, కానీ లేవనూ లేదు. కింది స్వరాలు ఛాతీలోనే ఉండిపోయాయి, మైకు పట్టుకోలేదు. రాజుగారు పక్కింటాయనతో మాట్లాడుతున్నట్టు ఉంది. ముందు వరసలో ఒకాయన ఫోను తీశాడు. వెనక ఎవరో దగ్గారు. పిన్ని నా మోచెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుని "ఎంత తగ్గించావే?" అంది. చీలిన గొంతుకి చప్పట్లైనా కొట్టారు, దీనికి అవి కూడా రావు.

రెండో పద్యం ముందు వీరరాఘవయ్యగారు ఆగిపోయారు. మాట మరిచారేమో అనుకున్నాను. ఆయన రాజు నడకతోనే మెల్లగా యలమంద దగ్గరికి వచ్చి, కత్తి ఒర మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"ఓయీ! నేడు మా కొలువు ఇంతగా కుంగినదేమి? అర పెంచుము!"

జనం నవ్వారు. యలమందకి చెమట పట్టింది. వెనక్కి చెయ్యి పెడితే దొంగతనం బయటపడుతుంది గనక ముందున్న బటనే నొక్కాడు. కిటికీలో ఐదున్నర పోయి ఆరు వెలిగింది. వెనక నుంచి ఈల పడింది. ఫోను తీసినాయన దాన్ని జేబులో పెట్టుకుని ముందుకి వంగాడు.

ఆయన పాడారు. ఆరు కాదు, అసలు ఐదు. ఆ సంగతి ఆ ఆవరణలో అప్పటికి నా ఒక్కదానికే తెలుసు. ఐదు కూడా ఆయనకి ఇప్పుడు కొండే. చివర రాగం తీస్తూ పైకి వెళ్లినప్పుడు మెడ నరాలు ఉబ్బాయి, గొంతు వణికింది. తెగుతుందనుకున్నాను. తెగలేదు. దించేటప్పుడు కూడా తొందరపడకుండా, ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. వన్స్ మోర్, వన్స్ మోర్ అని కర్లపాలెం వాళ్లే ముందు అరిచారు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన చేతులు జోడించారు గానీ మళ్లీ పాడలేదు.

నాటకం అయ్యాక, వేషాల గదిగా ఇచ్చిన తరగతి గదిలో బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కిరీటం పక్కన పెట్టేశారు, చెమటకి సగం రంగు చారలు కట్టింది. వేణ్ణీళ్లు తెమ్మని పిన్నిని పంపించి నన్ను దగ్గరికి పిలిచారు.

"అమ్మా క్రిస్టినా, నిజం చెప్పు. ఎంత?"

"ఆరు వెలిగింది కదండి."

"వెలిగింది, నేనూ చూశాను. వయసులో ఉన్నప్పుడే ఆరు అందలేదు నాకు. ఇప్పుడు అందిందంటే నమ్మేంత వెర్రోణ్ణా?"

ఇక దాచే ఓపిక నాలో లేదు. "ఐదండి" అన్నాను.

"ఐదు." రంగు తుడుచుకుంటున్న చెయ్యి ఆగింది. "మీ ఇంటికాడ మెట్టు నొక్కినప్పుడే అనుమానం తగిలింది. పోనీలే, చూద్దాం అనుకున్నా. దుర్గ చెప్పిందా తగ్గించమని?"

నేను కిరీటం తీసి పెట్టెలో సర్దబోయాను.

"దుర్గే. సరే. నాకు తెలుసని దానికి చెప్పకు. మా ఆయన ఐదున్నర అని పెళ్లైనకాడ నుంచీ ఊరంతా చెప్పుకుంది. ఇవాళ ఆరు అని చెప్పుకోనీ."

నాకు ఏడుపొచ్చింది. ఇద్దరి మీదా కోపం కూడా వచ్చింది. ఇంత వయసొచ్చి ఒకరికి ఒకరు చెప్పుకుంటే పోయేదానికి మధ్యలో నన్నెందుకు నలిపేస్తారు?

పిన్ని మిరియాల నీళ్ల గ్లాసుతో వచ్చింది. "ఆరండీ! ఆరులో పాడారు! అందరూ అదే చెప్పుకుంటున్నారు" అంది. ఆయన గ్లాసు అందుకుని, "ఏమోనే, ఇవాళ గొంతు అలా పలికింది" అన్నారు. పిన్ని నన్ను తలుపు పక్కకి లాగి, "ఆయనకేం అనుమానం రాలేదు కదా?" అని గొణిగింది. లేదన్నాను.

ఇంతలో బాపట్ల నుంచి వచ్చిన నాటక నిర్వాహకుడు ఒకాయన లోపలికొచ్చి, వచ్చే నెల మా ఊళ్లో వెయ్యాలండి, అదీ ఆరులోనే అన్నాడు. వీరరాఘవయ్యగారు పిన్ని మొహం వైపు ఒకసారి చూశారు. "ఆరే. తగ్గేది లేదు" అని గట్టిగా అన్నారు.

వ్యాను తెనాలిలో మా వీధి మొదట్లో ఆగింది. నేను దిగాక ఆయన కూడా దిగి, దుప్పటి చుట్టిన పెట్టెను నా చేతుల్లో పెట్టారు. పిన్ని సీటుకి తల ఆనించి నిద్రపోతోంది.

"ఓసారి చూసి పంపమ్మా" అన్నారు నెమ్మదిగా. ఎంత దింపాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఎక్కబోతూ ఆగి, "ఈసారి ఆ భూతద్దం సొరుగులో దాచకుండా చూసుకుని చెయ్యి. కళ్లు పాడవుతాయి" అన్నారు.

వ్యాను వెళ్లిపోయింది. పెట్టె బరువుగా ఉంది, నడుము లాగుతోంది. రేపు ఇంకో క్రిస్టల్ వెతకాలి.